ఎడమది నలభై రెండు

నా ఎడమ పాదం నలభై రెండు,
కుడిది నలభైన్నర.
రెండూ ముందువైపు చాటలు,
మడమలు మాత్రం చిన్నపిల్లవి.
ఇది జబ్బు కాదన్నాడు డాక్టరు.
ఇది సైజే కాదన్నాడు షాపు పిల్లగాడు.

హన్మకొండ చౌరస్తాలో మూడు దుకాణాలు,
స్టేషన్ రోడ్డులో రెండు,
కాజీపేటలో ఒకటి, ఇప్పుడది సెల్‌ఫోన్ల షాపు.
అన్నిట్లో అదే స్టూలు, అదే వాలుటద్దం,
అదే ప్రశ్న: "జెంట్స్‌ల చూపియ్యమంటరా మేడం?"
చూపించమన్నాను.
జెంట్స్ కూడా నా చిటికెనవేలిని ఊహించలేదు.

సైకిల్ బూటంటే మామూలు బూటు కాదు.
అడుగు చెక్క, వంగదు.
కింద ఇనుప నాలిక,
పెడల్ మీద నొక్కితే టక్కున కరిచి పట్టుకుంటుంది.
కరిచాక కాలు బండిది,
నొప్పి మాత్రం నాది.

ఆన్‌లైన్లో తెప్పించి తిప్పి పంపినవి నాలుగు జతలు.
ఐదోసారి కొరియర్ యాకూబ్
గేటు దగ్గరే నిలబడ్డాడు.
"ఏసి చూస్కోండి మేడం, నేను ఆగుత.
మళ్లొచ్చుడెందుకు."
వరండాలో నాలుగడుగులు వేశాను.
అతను నా మొహం చూసి
డబ్బా మూత తెరిచి పట్టుకున్నాడు.
అయినా ఉంచుకున్నాను, పట్టుదలకి.

ఇరవై కిలోమీటర్ల దాకా ఏ బూటైనా మంచిదే.
ధర్మసాగర్ కట్ట మీద ఎదురుగాలి మొదలయ్యాక
చిటికెనవేలు ముందు మండుతుంది,
తర్వాత బతిమాలుతుంది,
తర్వాత ఊరుకుంటుంది.
ఆ ఊరుకోవడమంటేనే నాకు భయం.
రాంపూర్ దగ్గర బండి దిగి, బూటు విప్పి,
స్పృహ తప్పినవాళ్లని లేపినట్టు రుద్దుతాను.
మిగతావాళ్ల హెల్మెట్లు అప్పటికే
మలుపు దాటి ఉంటాయి.

ఓదెలును చూపించింది యాకూబే.
పోచమ్మమైదాన్ దాటాక టైర్ల దుకాణం నీడలో
బోర్డు లేదు, గొడుగు లేదు,
ఒక ఆరె, ఒక సుత్తి, తలకిందులుగా నిలబడ్డ ఇనుప పాదం.
బూటు తిప్పి చూశాడు, గోటితో గీరాడు, వాసన పీల్చాడు.
"ఇది తోలు గాదమ్మా. తోలైతే మాటింటది.
శనగలు నానబోసి లోపట నింపి పెడితే
తెల్లారేసరికి ఉబ్బి జాగ ఇస్తుండె.
దీనికి చెవుల్లెవ్వు."

తర్వాత నా కాలు అడిగాడు.
సిమెంటు సంచి కాగితం పరిచి నిలబడమన్నాడు.
"కూసోని గాదు. బరువు పడ్డప్పుడే కాలు నిజం చెప్తది."
పెన్సిలు చుట్టూ తిరుగుతుంటే చక్కిలిగింత.
ముప్పై ఏళ్లుగా ఇంటర్ పిల్లలకి
గిట్టలూ పంజాలూ తెడ్డుకాళ్లూ బోర్డు మీద గీసిన
జువాలజీ మేడమ్‌ని,
నడిరోడ్డు మీద కిసుక్కున నవ్వాను.
కాగితం మీద నా పాదం
రెండు జిల్లాలు నాకొద్దంటే నాకొద్దన్న మండలంలా ఉంది.

ఓదెలు దాన్ని వంక అనలేదు.
"కోస్త, మరి?" అన్నాడు.
ఏడువేల ఐదువందల బూటు.
నేను మొహం తిప్పుకున్నాను.
పక్క దుకాణంలో ఎవరో ట్రాక్టరు టైరుకి గాలి కొడుతున్నారు.
వేలి దగ్గర అరచంద్రుడంత కోత,
దాని మీద లారీ ట్యూబు ముక్క,
మడమకి పాత జీన్సు మడత.
నూటిరవై తీసుకున్నాడు.
కుడిదాన్ని ముట్టలేదు.
"అది ఎడమదాన్ని చూసి నేర్చుకుంటది."

నేర్చుకోలేదు. దానికి రెండు సాక్సులు.
వానకి ట్యూబు పక్కనుంచి నీళ్లొస్తాయి,
ఐనవోలు రోడ్డులో ఇసుక కూడా.
ఎత్తు ఎక్కేటప్పుడు మడమ ఇంకా కొంచెం లేస్తుంది.

నిన్న మళ్లీ ధర్మసాగర్ కట్ట, అదే ఎదురుగాలి.
ఇప్పుడు మండుతుంది, ఇదిగో ఇప్పుడు
అనుకుంటూనే తొక్కాను.
రాంపూర్ ఎప్పుడు దాటిందో తెలీదు.

ఇంటికొచ్చి మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పి
హాజరు వేశాను.
ఒక్కొక్క వేలూ పలికింది.
చివరి బెంచీది
కాస్త ఆలస్యంగా, గొణుగుతూ.